అప్‌డేట్: 6,000 బడ్జెట్‌తో వంటింటి సామాను, చివరికి మూడే కొన్నాం

పోయిన నెల అడిగాను కదా, ఇద్దరమే ఉంటాం, అద్దె ఇల్లు, 6,000లో పది వస్తువుల నాన్‌స్టిక్ సెట్ కొనాలా లేక తక్కువైనా మంచివి కొనాలా అని. రెండోదే చేశాం.

బేగంబజార్ వెళ్ళి ఇనుప పెనం 650కి, ట్రైప్లై కడాయి 1,950కి, ఐఎస్ఐ మార్కున్న 5 లీటర్ల స్టీలు కుక్కర్ 2,400కి తీసుకున్నాం. ట్రైప్లై అంటే రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం ఉంటుంది, అందుకే వేడి అంతటా సమానంగా పాకుతుంది, ఉల్లిపాయలు ఒక పక్క మాడి ఇంకో పక్క పచ్చిగా ఉండే బాధ పోయింది.

పెనం మాత్రం మొదటి వారం ఏడిపించింది, ఒక్క దోసె సరిగ్గా ఊడి రాలేదు. అత్తయ్య ఫోన్‌లో చెప్పినట్టు నూనె పల్చగా రాసి, పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చడం నాలుగైదు సార్లు చేశాక దారికొచ్చింది. కడగగానే తడి లేకుండా తుడిచి కాస్త నూనె రాయాలి, లేకపోతే తుప్పు పడుతుంది. టమాటా, చింతపండు పడేవి దాని మీద చెయ్యకండి, పులుపుకి ఆ నూనె పూత పోతుంది. అవన్నీ కడాయిలోనే.

మిగిలిన 1,000 అలాగే ఉంచాం. మా ఆయన ఇడ్లీ పాత్ర కూడా కొందామంటున్నారు, కుక్కర్‌లో విజిల్ తీసేసి పెట్టుకోవడానికి స్టాండ్ ఒక్కటి చాలని నా ఉద్దేశం.

ఓపిగ్గా సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్ అండి.