సమస్య: ‘ఆకులేడు గాని యాకొకటియె!’

నిర్వాహకుడు: గంజాయి ఆకు బొమ్మ చూస్తుంటే ఈ పాదం నోట్లోకి వచ్చేసింది. పూరించండి.

గణపాఠి:
కాడ చివర విచ్చు కరతలమ్మును బోలు
రంపపండ్ల యంచు రంగు పచ్చ
ఏడు వేళ్లు సాచి యెదిగిన గంజాయి
ఆకులేడు గాని యాకొకటియె!

పద్యప్రియ: మూడో పాదం బాగుంది. ‘రంగు పచ్చ’ మాత్రం వట్టి పాదపూరణ.

నల్లకలువ:
మొదట నొకటి విచ్చు, మూడు పిదప నైదు
కాండ మెక్కు కొలది గణుపు గణుపు
బేసి లెక్క తప్పకుండా పెరిగె జూడు
ఆకులేడు గాని యాకొకటియె!

గణపాఠి: ‘బే’కి ‘కుం’తో యతి ఎలా కుదిరిందమ్మా? ‘బేసి లెక్క మీరి పెరుగదు గంజాయి’ అనండి.

మొక్కల మాస్టారు: మొలక మీద తొలి జత ఆకులకు ఒక్కో పత్రకమే (ఆకులో వేలులా విడివడిన ముక్క), తర్వాత మూడు, ఐదు. బాగా పట్టుకున్నారు. పూత దగ్గరికి వచ్చేసరికి లెక్క మళ్లీ మూడుకీ ఒకటికీ దిగిపోతుంది. దాని మీద ఇంకో పద్యం రాయండి.

పద్యప్రియ: మాస్టారూ, పాత విషయం ఒకటి తేల్చండి. కిందటిసారి నేను ‘గుబురు పొద’ అంటే, గంజాయి గడలా నిటారుగా ఉంటుందని గణపాఠి గారు కొట్టేశారు.

మొక్కల మాస్టారు: ఇద్దరిదీ నిజమే. నార కోసం ఒత్తుగా చల్లితే కొమ్మ వేయకుండా గడలా పోతుంది, ఎడంగా నాటితే అదే విత్తనం కొమ్మలేసి గుబురవుతుంది. రకాన్ని బట్టి కూడా మారుతుంది. వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో ఈ మొక్కకు సటైవా అని పేరు పెట్టాడు, మరో శాస్త్రవేత్త లామార్క్ 1785లో ఇండికాను వేరు జాతిగా విడదీశాడు. ఇప్పుడు సటైవా అనే రకాలు పొడవు, పత్రకాలు సన్నం. ఇండికా అనేవి పొట్టి, పత్రకాలు వెడల్పు, కణుపులు దగ్గర దగ్గర.

గణపాఠి: అయితే ఆ రోజు నేను తొందరపడ్డాను. ఆ పద్యం మళ్లీ పెట్టండి, పద్యప్రియ గారూ.

పద్యప్రియ: పెడతాను. ముందు ఇది చూడండి. నా ‘లేడు’ అంకె కాదు.

పుప్పొడంత గాలి పొత్తుగా వెదజల్లి
ఆలి గింజ గట్టు నంతలోనె
ఎండి నేల రాలె నెత్తైన మగమొక్క
ఆకు; లేడు గాని యాకొకటియె!

నల్లకలువ: అబ్బ! మగవాడు లేడు, ఆకు మాత్రం ఇద్దరిదీ ఒకటే!

మొక్కల మాస్టారు: పూత రానిదే ఆకును చూసి ఆడో మగో చెప్పలేం. మగది సాధారణంగా కాస్త పొడవు, పుప్పొడి రాల్చాక ముందుగా ఎండిపోతుంది.

గణపాఠి: విరుపు అద్భుతం. కానీ వెదజల్లింది మొక్క, రాలింది ఆకు. ‘వెదజల్లి’కి కర్త ఎవరు?

పద్యప్రియ: ‘వెదజల్ల’ అంటే?

గణపాఠి: గణం చెడదు, కర్తల గొడవ తీరిపోతుంది. మార్చేయండి.