మౌంటెన్ బైక్‌కి ఏబీఎస్: మన ఎర్రమట్టి బాటల్లో పనికొస్తుందా?

ఘాటు_దిగుడు (విజయనగరం)

జర్మనీలో ఉన్న మా బావ ఈమధ్య బోష్ మోటారున్న ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ కొన్నాడు. ముందు చక్రానికి ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం లాకవ్వకుండా చూసేది) ఉందట. "నీ ఇనపముక్క అమ్మేయ్, వచ్చేటప్పుడు ఇలాంటిదే తెస్తా" అని ఒకటే గొడవ. నాది మామూలు హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేనిది), కేబుల్ డిస్క్ బ్రేకులు. ఆదివారాలు ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాటు ఎక్కుతాం. దిగేటప్పుడు వీలైనచోట తారు వదిలేసి కాఫీ తోటల పక్క మట్టిబాట పడతాం. ఎర్రమట్టి, పైన పిక్కరాళ్ళు. ముందు బ్రేకు ముట్టుకోవాలంటే భయం, వెనక బ్రేకు పట్టుకునే ఈడ్చుకుంటూ వస్తున్నాను. వెనక టైరు నడిమి గుబ్బలు అప్పుడే నున్నగా అయిపోయాయి. ఏబీఎస్ ఉంటే ఈ బాధ తప్పుతుందా?

మూడులాంతర్ల_మెకానిక్

తమ్ముడూ, ముందు నీ టైరు సంగతి. సైకిల్ దిగుతుంటే బరువంతా ముందుకి వాలిపోతాది. వెనక చక్రం మీద ఏటీ మిగల్దు, అందుకే ఊరికే లాకైపోయి జారతాది. గుబ్బలు అరుగుతాయి గానీ సైకిల్ ఆగదు. ఆపేది ముందు చక్రమే.

ఏబీఎస్ అంటావా, తారు మీద ఒక కథ, మట్టి మీద ఒక కథ. సైకిల్ పొట్టిది, మనిషి ఎత్తులో కూర్చుంటాడు. పొడి తారు మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కితే టైరు జారదు, వెనక చక్రం లేచి మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు. చదును రోడ్డు మీదే బ్రేకు జోరు సుమారు 0.6 జి (భూమ్యాకర్షణలో అరవై శాతం) దగ్గర ఈ బోల్తా, దిగుడులో ఇంకా ముందే. పొడి తారు పట్టేమో 0.8 జి దాకా ఉంటాది. పిక్కరాళ్ళ మీద ఆ పట్టు ఎక్కడిది? అక్కడ బోల్తా దాకా పోదు, ముందు చక్రమే పక్కకి జారిపోతాది. సర్దుకునే టైముండదు, మణికట్టో భుజమో పోతాది.

బోష్ వాళ్ళది ఈ రెండూ చూస్తాది. రెండు చక్రాలకీ స్పీడు సెన్సార్లు ఉంటాయి. ముందుది లాకవ్వబోతుంటే ముందు బ్రేకు ఆయిల్ ప్రెషర్ తగ్గించి మళ్ళీ ఇస్తాది. వెనక చక్రం లేస్తున్నా వదిలేది ముందు బ్రేకునే. వెనక బ్రేకు జోలికి పోదు, కాబట్టి నీ ఈడ్పుడు అలవాటు ఆ బండి మీద కూడా అలాగే ఉంటాది! 2017లో మగురా కంపెనీ బ్రేకులతో మొదలెట్టినప్పుడు అదో పెద్ద డబ్బా. 2022లో చిన్నది చేసి, కొండబాటలకని ట్రైల్ మోడ్ కూడా పెట్టారు. మంచి పనితనమే. కానీ దానికి కరెంటు కావాలి, నీ సైకిల్‌కి తగిలించడం కుదర్దు.

ఆన్‌లైన్లో "ఏబీఎస్" అని చెక్కిన చిన్న అల్యూమినియం గొట్టాలు దొరుకుతాయి, మోటార్ సైకిళ్ళ కోసం, బ్రేకు పైపు చివర బిగించేవి. కుర్రోళ్ళు తెస్తే ఒకటి విప్పి చూశాను. లోపల స్ప్రింగు, రబ్బరు ముక్క. సెన్సారు లేదు, వైరు లేదు. చక్రం లాకైందని దానికెవడు చెప్తాడు? లివర్ మెత్తబడతాది, అంతే. అలాటిది కొనకు.

హైడ్రాలిక్ (కేబుల్ బదులు ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే) బ్రేకులు వేయించు. ఒక్క వేలు చాలు, మిగతా వేళ్ళు గ్రిప్పు మీదే ఉంటాయి. ముందు బ్రేకు ఒక్కసారి గుంజకుండా కొంచెం కొంచెం బిగించడం అయోధ్య మైదానంలో మట్టి మీద నేర్చుకో. గాలి కూడా చూసుకో. మనోళ్ళు రాయిలా కొట్టించుకుని కొండెక్కుతారు, రాళ్ళ మీద టైరు గెంతుతుంటే బ్రేకు ఏం చేస్తాది పాపం?

సిక్కోలు_హిమాలయన్

గురువుగారూ, ఏబీఎస్‌ని మరీ పొగిడేశారు. 2018 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త మోడల్ బైకులకి అది తప్పనిసరి చేశారు, బానే ఉంది. మరి రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ 2020 హిమాలయన్ బైకుకి వెనక ఏబీఎస్ ఆపుకునే స్విచ్చు ఎందుకిచ్చారు? పొడి గ్రావెల్లో లాకైన చక్రం ముందు రాళ్ళు కుప్పపడతాయి, ఆ కుప్పే బండిని ఆపుతుంది. ఏబీఎస్ ఆ కుప్ప చేరనివ్వదు. ఆగే దూరం పెరుగుతుంది.

మూడులాంతర్ల_మెకానిక్

నిజమే బాబూ. కానీ ఆ స్విచ్చు వెనకదాన్నే ఆపుతాది, ముందుది ఆన్‌లోనే వదిలేశారు, చూశావా? ముందు చక్రం లాకైతే హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తిరగదు. ఓ రెండు గజాలు అవతల ఆగితే ఆగింది, లోయ పక్కన నిలబడి ఉండాలి కదా. వానాకాలం బురదలో దిగేవాడు, డబ్బున్నవాడు తీసుకుంటే నేను కాదనను. ఈ తమ్ముడికి మాత్రం ఇప్పుడు వద్దు.

పలాస_పెడల్

బావగారు విమానంలో తెస్తానంటే ఒక్క మాట. 160 వాట్ అవర్స్ దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల లగేజీలో ఎక్కించనివ్వరు. ఈ సైకిళ్ళ బ్యాటరీలు 400, 500, ఇంకా పైన. బ్యాటరీ అక్కడ వదిలేసి వస్తే మోటారూ లేదు, ఏబీఎస్సూ లేదు. తొక్కుకోడానికి ఓ బరువైన సైకిల్ మిగులుతుంది.

ఘాటు_దిగుడు (విజయనగరం)

ఇదంతా బావకి పంపాను. బ్యాటరీ మాట దగ్గర ఆగిపోయాడు, ఇంకా జవాబు లేదు 😀 గురువుగారూ, హైడ్రాలిక్ ఖాయం. ముందు 160 ఎం.ఎం. రోటర్ (బ్రేకు డిస్కు) తీసి 180 వేయొచ్చా?

మూడులాంతర్ల_మెకానిక్

నీ ఫోర్కు ఎంత రోటర్ దాకా తట్టుకుంటాదో కంపెనీ వాళ్ళు చెప్తారు, అది చూసుకుని రా. 180 ఒప్పుకుంటే వేద్దాం, అడాప్టర్ కావాలి. వెనక 160 చాలు. కొత్త ప్యాడ్లు పడగానే ఘాటెక్కేయకు. చదును రోడ్డు మీద స్పీడందుకుని, పూర్తిగా ఆగకుండా బ్రేకు వేసి వదులుతూ పాతిక ముప్పైసార్లు తిరుగు, అప్పుడే పట్టు వస్తాది. చైనుకి ఆయిల్ కొట్టేటప్పుడు రోటర్ మీద గుడ్డ కప్పు. స్ప్రే డబ్బా అసలు వాడకు.