అప్‌డేట్: స్టెతస్కోపుకు రెండు ముఖాలు ఎందుకు?

గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే ఎకో పరీక్ష ఉండగా స్టెతస్కోపుతో గుండె చప్పుడు వినడం ఇంకా అవసరమా, దానికి రెండు ముఖాలెందుకు అని ఇంతకుముందు అడిగాను. మీ సమాధానాలు చదివాక మా వైద్యురాలిని అడిగి తెలుసుకున్న సంగతి ఇది. పల్చటి పొర బిగించిన వెడల్పాటి ముఖమైన డయాఫ్రమ్‌ను గట్టిగా ఆనిస్తే తారస్థాయి శబ్దాలు, గుంతగా ఉండే బెల్‌ను తేలికగా ఆనిస్తే మంద్రస్థాయి శబ్దాలు బాగా వినిపిస్తాయి. బెల్‌ను అదిమితే దాని కింది చర్మమే బిగుసుకుని డయాఫ్రమ్‌లా పనిచేస్తుంది కాబట్టి, గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం ఇరుకైనప్పుడు వచ్చే మంద్రమైన మర్మర్ (రక్తం సుడులు తిరగడంతో వచ్చే అదనపు శబ్దం) చెవికి అందకపోవచ్చు. దానిని పట్టుకోవడానికే రోగిని ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి, గుండె కొన దగ్గర వింటారట. 1816లో ఫ్రెంచ్ వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్న పద్ధతి ఇంత సూక్ష్మంగా ఎదగడం నాకైతే ఆశ్చర్యమే. కవాటం ఎంత ఇరుకైందో కొలవడానికి మాత్రం ఎకో తప్పదని ఆమె స్పష్టంగా చెప్పారు.