టీసీ ఇచ్చి పంపడమా, ఎదురెదురుగా కూర్చోబెట్టడమా?

చిత్తూరు లెక్కల మాస్టారు:
మా ఉన్నత పాఠశాల ఎనిమిదో తరగతిలో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లవాడు ఒకడున్నాడు. నలుగురు వాడి యాసను వెక్కిరిస్తూ, 'సాంబారు' అని పేరు పెట్టి జూన్ నుంచీ ఏడిపిస్తున్నారు. పోయిన వారం వాడు జామెట్రీ బాక్సు విసిరితే ఆ నలుగురిలో ఒకడికి కనుబొమ్మ పైన కుట్లు పడ్డాయి. స్టాఫ్ రూములో సగం మంది విసిరినవాడికి టీసీ ఇచ్చి పంపేద్దామంటున్నారు. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు టీచరేమో అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిద్దాం, శిక్షకు బదులు జరిగిన నష్టాన్ని సరిచేసే రెస్టోరేటివ్ పద్ధతి అంటే అదే అంటున్నారు. నాకు రెండూ మింగుడు పడటం లేదు. మీరేమంటారు?

తిరుపతి విశ్రాంత హెచ్ఎం:
మాస్టారూ, ముందు చట్టం చూడండి. 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్నీ బడి నుంచి తీసేయకూడదు. 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. తల్లిదండ్రులే అడిగినట్టు అర్జీ రాయించుకుని టీసీ చేతిలో పెట్టే తెలివితేటలు మనవాళ్లకు కొత్త కాదు లెండి.

ఒక తల్లి, తిరుపతి:
చట్టం సరే సార్. ఒక్క అంగుళం కింద తగిలి ఉంటే ఆ బిడ్డ కన్ను పోయేది. కూర్చోబెట్టి 'సారీ' చెప్పించి, చప్పట్లు కొట్టించి, ఫొటో తీసి గ్రూపులో పెడితే అయిపోతుందా? ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారో ఒక్కరైనా అడిగారా?

రేణిగుంట సోషల్ టీచర్:
అమ్మా, మీరడిగిన ఆ ఖర్చు గురించే అక్కడ మాట్లాడాలి. ఎవరికి ఏం నష్టం జరిగింది, వాళ్లకు ఇప్పుడేం కావాలి, దాన్ని సరిచేసే బాధ్యత ఎవరిది? ఈ పద్ధతిలో అడిగేవి ఇవే. న్యూజిలాండ్‌లో 1989లో చట్టం తెచ్చి, తప్పు చేసిన పిల్లల విషయంలో ఇరుపక్షాల కుటుంబాలనూ కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. అక్కడి మూలవాసులైన మావోరీల ఆచారం నుంచి తీసుకున్నదే అది. బలవంతపు 'సారీ'కి అందులో చోటు లేదు. ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. దెబ్బ తగిలినవాడికి ఇష్టం లేకపోతే వాణ్ని ఎదురుగా తెచ్చి కూర్చోబెట్టకూడదు.

ఇక మాస్టారూ, మీ ప్రశ్నలో బాక్సు విసిరినవాడు ఒక్కడే తప్పు చేసినట్టుంది. జూన్ నుంచీ ఏడిపించారని మీరే రాశారు. అన్ని నెలలూ ఆ తరగతికి రోజూ ఐదారుగురు ఉపాధ్యాయులు వెళ్లి ఉంటారు కదా, 'సాంబారు' అన్న పిలుపు వాళ్లలో ఎవరి చెవినా పడలేదా? పడే ఉంటుంది. ఒకరు కసిరి ఊరుకుని ఉంటారు, ఒకరు నవ్వేసి ఉంటారు, ఇంకొకరు క్లాస్ టీచరు చూసుకుంటారులే అనుకుని ఉంటారు. సరిహద్దు జిల్లాలో తమిళం మాట్లాడే పిల్లలు లేని బడి ఎక్కడుంది? ఆ పిల్లవాడికి ఇది నా బడి అనిపించాలంటే మీరంతా ఒక మాట మీద ఉండాలి. పిల్లల కంటే ముందు గుండ్రంగా కూర్చోవలసింది స్టాఫే.

పదో తరగతి ఫలితాల బాధితుడు:
చెప్పడానికి బాగానే ఉంది. తరగతికి యాభై మంది, అయిపోని సిలబస్, యాప్‌లో ఎక్కించాల్సిన ఫొటోలు. ఎప్పుడు కూర్చుంటాం మేడమ్? అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో 44 పాఠశాలలు తీసుకుని సగం చోట్ల రెండేళ్లు ఇదే అమలు చేశారు. ఫలితాలు 2018లో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ ప్రకటించింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల మార్కులు తగ్గాయి. సరిగ్గా మన మాస్టారి తరగతి వయసు!

రేణిగుంట సోషల్ టీచర్:
ఆ నివేదికలో మిగతా సగం కూడా చెప్పండి సార్. పిల్లల్ని సస్పెండ్ చేయడం తగ్గింది, బడి వాతావరణం మెరుగైందని ఉపాధ్యాయులే చెప్పారు. మార్కుల సంగతి నేను కాదనను. అందుకే పాఠం పీరియడ్లు తినేయకండి, సీరియస్ గొడవలకే ఇది వాడండి అంటాను. ప్రతి పెన్సిలు తగాదాకూ సభ పెడితే పిల్లలకే విసుగు పుడుతుంది. కానీ టీసీ ఇస్తే విసిరినవాడు మాత్రమే పోతాడు. ఏడిపించిన నలుగురూ అదే బెంచీలో ఉంటారు, వచ్చే ఏడు ఇంకొకడు దొరుకుతాడు.

చిత్తూరు లెక్కల మాస్టారు:
నిన్న స్టాఫ్ మీటింగులో మాట్లాడాం. టీసీ మాట ప్రస్తుతానికి ఆగింది. కుట్ల ఖర్చు అడిగితే బాక్సు విసిరినవాడి నాన్న ఏమీ అనకుండా ఒప్పుకున్నాడు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలికి పోతాడు. అయితే ఇంకో సంగతి బయటపడింది. ఒక సారు హాజరు వేసేటప్పుడు ఆ తమిళ పిల్లవాణ్ని 'సాంబారు' అనే పిలిచేవారట. కూర్చోవడానికి ఆయన ససేమిరా అంటున్నారు. ఆయన లేకుండా మొదలుపెట్టవచ్చా?

తిరుపతి విశ్రాంత హెచ్ఎం:
వద్దు మాస్టారూ. ముందు మీ హెచ్ఎం ఆయనతో విడిగా మాట్లాడాలి. అప్పటిదాకా ఆ తరగతి హాజరు మీరే వేయండి.