‘రిప్రాప్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. అమెరికన్ కవి గ్యారీ స్నైడర్ తొలి పుస్తకం ‘రిప్రాప్’ (1959). అదే పేరుతో అందులో ఒక కవిత ఉంది. దాన్ని తెలుగు చేద్దామని కూర్చుంటే పేరు దగ్గరే ఆగిపోయాను. నిఘంటువులో చూస్తే నీటి కోత ఆపడానికి గట్టు మీద వేసే రాళ్లు అని ఉంది. ‘శిలాపథం’ అంటే ఎలా ఉంటుంది? జెన్ బౌద్ధ సాధన చేసిన కవి కదా, కాస్త ధ్యానస్ఫురణ కూడా ఉంటుందని.

— నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాను. చెరువు కట్టకు లోపలి వైపు పరిచే రాళ్లను మేం రివిట్‌మెంట్ అనేవాళ్లం. తెలుగులోనే రాయాలంటే రాతి తాపడం. మీ కవిగారు ఏ కట్ట మీద పనిచేశారో మరి!

— సర్, ఆయన పనిచేసింది కట్ట మీద కాదు, కొండ మీద. నున్నగా, ఏటవాలుగా ఉన్న బండ మీద గుర్రాల గిట్టలు జారకుండా రాళ్లు బిగించి వేసే బాటను ఆయన రిప్రాప్ అన్నాడు. పుస్తకం మొదట్లోనే ఆ అర్థం ఇచ్చాడు. అంటే ఇంగ్లీషు పాఠకులకు కూడా చెప్పాల్సిన మాటే అన్నమాట.

1955 వేసవిలో కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో కొండదారులు వేసే ముఠాలో కూలికి వెళ్లాడు. అప్పటికి పాతికేళ్లు, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చైనీస్ చదువుతున్నాడు. ‘ఏం చేస్తున్నారు?’ అని అక్కడి ముసలి మేస్త్రీని అడిగితే ఆయన నోట వచ్చిన మాటే ఈ రిప్రాప్. ఏ రాయి ఎక్కడ కూర్చుంటుందో చూడగానే పసిగట్టే ఆ మేస్త్రీ పనితనాన్ని స్నైడర్ తన కవిత్వం గురించి రాసినప్పుడు మెచ్చుకున్నాడు. మాటలు చిన్నవిగా, గట్టిగా, సాదాగా ఉండాలి, లోతంతా అడుగున ఉండాలి అన్నది అక్కడే చెప్పాడు. ఐదేసి, ఏడేసి అక్షరాల చైనా కవితా పాదాల ప్రభావం కూడా ఉందన్నాడు.

ఇంత చెప్పిన మనిషికి ‘శిలాపథం’ అని పేరు పెడితే పరీక్షలో సమాసం పేరు రాయమన్నట్టుంటుందండీ. మేస్త్రీ నోట పలికే మాట కాదది. ధ్యానస్ఫురణ సంగతికొస్తే, ఆ కవితలో బౌద్ధ పదం ఒక్కటీ లేదు. గో అనే ఆట, చీమలు, గులకరాళ్లు, జీను ఈడ్చుకుంటూ తప్పిపోయిన గుర్రాలు, ఇవీ ఉన్నవి. ఆయన జపాన్‌లోని క్యోటో వెళ్లింది 1956లో, రాళ్లు మోసిన మరుసటి ఏడాది. తర్వాత అక్కడి దైతొకుజి మఠంలో జెన్ గురువు ఒడా సెస్సో దగ్గర ఏళ్ల తరబడి శిష్యరికం చేశాడు. జెన్ మఠాల్లో తవ్వడం, ఊడవడం కూడా సాధనే. ఆయన చెప్పకుండా వదిలేసిన దాన్ని అనువాదంలో మనం పూయడం ఎందుకు?

నా ఓటు ‘పేర్పు’కి. కవిత మధ్యలో రిప్రాప్ అనే మాట మళ్లీ వస్తుంది, అక్కడ రాళ్లతో కాదు, లోకంలోని వస్తువులతో. ‘వస్తువుల తాపడం’ అంటే బంగారు తాపడం గుర్తొస్తుంది. ‘పరుపు’ అంటే పడుకోబుద్ధేస్తుంది. ‘రాతి పేర్పు’, ‘వస్తువుల పేర్పు’ రెండు చోట్లా నిలబడతాయి. పక్కనే ‘కూర్పు’ ఉంది కాబట్టి మాటల పని కూడా వినిపిస్తుంది. కవితలో ఒక్కో రాయీ ఒక మాటే కదా.

— పేర్చేది నిలువుగా అండీ. కట్టెలు పేరుస్తాం, గోడ పేరుస్తాం. నేల మీదైతే పరుస్తాం. ముప్పై ఏళ్లు రాళ్లు పరిపించినవాణ్ని, ఈ ఒక్కటీ ఒప్పుకోలేను.

— నిజమే సర్. కానీ ‘పరచడం’లో బిగింపు లేదు. చాప కూడా పరుస్తాం, గిట్ట కింద రాయి కదిలితే గుర్రం లోయలోకి పోతుంది. బిగింపు, అడ్డం రెండూ ఉన్న మాట మీ ముఠాల్లో ఏదైనా వాడేవాళ్లా?

— మాకు పనిచేసిన వడ్డెర మేస్త్రీ ఒకాయన ఉన్నారు, ఆయన్ను అడిగి చెప్తాను.

— ప్రశ్న వేసింది నేనే. ప్రస్తుతానికి పైన ‘రిప్రాప్’ అనే ఉంచి, ఆయన లాగే కింద అర్థం ఇచ్చేస్తున్నాను. లోపల ‘పేర్పు’. మేస్త్రీ గారు ఇంకో మాట చెబితే మారుస్తాను. ఇంకో చిక్కు కూడా ఉంది: అందులో మనసుకు ఒక దేహం ఉన్నట్టు అంటాడు, దాని ముందు మాటలు రాళ్లలా పెట్టమంటాడు. ‘మనోదేహం’ అంటే మళ్లీ సమాసమే అంటారా?

— అంటాం! ‘మనసు ఒళ్లు’ అని రాసి చూడండి.