పరమాణువు బొమ్మ తప్పని తెలిసీ పిల్లలకు నేర్పించాలా?

వెన్నెల నాన్న

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న రాత్రి పరమాణువు బొమ్మ గీస్తూ కూర్చుంది. మధ్యలో ఎర్ర చుక్కలు, నీలం చుక్కలు కలిపి ఒక గుత్తి, చుట్టూ కంపాస్‌తో మూడు వలయాలు, వాటి మీద ఆకుపచ్చ చుక్కలు. అప్పుడే మా అన్నయ్య కొడుకు వచ్చాడు, ఇంటర్ రెండో ఏడు. చూసి, "ఇదంతా తప్పే. ఎలక్ట్రాన్‌కు దారీ గీరీ ఏమీ ఉండదు, ఇంటర్‌లో చేరగానే ఈ బొమ్మ మర్చిపొమ్మన్నారు" అన్నాడు. అమ్మాయి నా వైపు తిరిగి, "మరి మాతో ఎందుకు గీయిస్తున్నారు నాన్నా?" అంది.

నేను కామర్స్ చదివినవాణ్ణి. నా దగ్గర జవాబు లేదు. తప్పని తెలిసిన బొమ్మను పాఠంగా ఎందుకు ఉంచాలి? సైన్సులో మిగతా బొమ్మలు, పటాలు, నమూనాలు కూడా ఇంతేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

సూటిగా

ఆపేయాలండి. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, ఆ అనుభవంతోనే అంటున్నాను. బోర్ ఆ నమూనా చెప్పింది 1913లో. 1926లో ష్రోడింగర్ సమీకరణంతో ఆ కక్ష్యల కథ ముగిసింది. మనం వందేళ్ల తర్వాత కూడా అవే వలయాలు గీయిస్తున్నాం. రెండే ఎలక్ట్రాన్లున్న హీలియం దగ్గరే ఆ లెక్క చతికిలపడుతుంది. హైడ్రోజన్‌లో కూడా, ఎలక్ట్రాన్ అన్నిటికన్నా కింది శక్తి స్థాయిలో ఉన్నప్పుడు దాని కోణీయ ద్రవ్యవేగం సున్నా. అంటే అది గ్రహంలా గుండ్రంగా తిరగడం లేదు. మన బొమ్మలో మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ప్రతి ఏడూ నా మొదటి నెల ఈ వలయాలు చెరపడానికే సరిపోతుంది. ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్ దొరికే అవకాశం ఎక్కువున్న చోటు) అనగానే పిల్లలు మళ్లీ వలయమే గీస్తారు. పద్నాలుగేళ్లప్పుడు మనసులో పడ్డ బొమ్మ అంత తేలిగ్గా పోదు.

పాతికేళ్ల చాక్‌పీస్

సూటిగా గారూ, మీ కష్టం అర్థమైంది. కానీ ఆ బొమ్మ ఎందుకు పుట్టిందో చెప్పకుండా దాన్ని తప్పు అనేస్తే బోర్‌కు అన్యాయం చేసినట్టే.

సన్నటి గాజు గొట్టంలో హైడ్రోజన్ నింపి కరెంటు పెడితే గులాబీ రంగులో వెలుగుతుంది. ఆ వెలుగును పట్టకంలోంచి చూస్తే ఇంద్రధనుస్సులా అన్ని రంగులూ రావు, విడివిడిగా కొన్ని గీతలే కనిపిస్తాయి. ఎర్ర గీత 656 నానోమీటర్ల దగ్గర, నీలిపచ్చ గీత 486 దగ్గర. ఆ గీతల వరసకు బామర్ 1885లోనే ఒక సూత్రం కట్టాడు, కానీ అది ఎందుకు కుదురుతోందో ఎవరికీ తెలియలేదు. బోర్ బొమ్మ జవాబిచ్చింది ఆ ప్రశ్నకు. ఎలక్ట్రాన్‌కు కొన్ని మెట్లే ఉన్నాయి, పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగితే ఆ తేడా వెలుగుగా బయటికి వస్తుంది అన్నాడు. లెక్క వేస్తే గీతలు సరిగ్గా అక్కడే పడ్డాయి. ఆ మెట్లు ఈనాటికీ నిజం. ష్రోడింగర్ వచ్చాక కూడా హైడ్రోజన్ మెట్ల విలువలు అవే వచ్చాయి. పోయినవి దారులు మాత్రమే.

కాబట్టి వెన్నెలతో చెప్పండి: వలయాలను శక్తి మెట్లుగా చూస్తే ఆ బొమ్మ పనికొస్తుంది, ఎలక్ట్రాన్ నడిచే బాటలుగా చూస్తే తప్పు. అసలు నన్ను ఎక్కువ బాధపెట్టేది వలయాలు కాదు, కొలత. పుస్తకంలో కేంద్రకం కుంకుడుకాయంత ఉంటుంది, మొదటి వలయం అంగుళం దూరంలో ఉంటుంది. నేను క్లాసులో ఒక మిరియం తెస్తాను. హైడ్రోజన్ కేంద్రకం ఈ మిరియమంత అనుకుంటే ఎలక్ట్రాన్ ఉండే దూరం సుమారు 150 మీటర్లు. మిరియాన్ని బల్ల మీద పెట్టి పిల్లల్ని గేటు దాటించి కిరాణా కొట్టు దాకా నడిపిస్తాను. వెనక్కి వచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడరు.

సూటిగా

మాస్టారూ, మీ క్లాసు పిల్లలు అదృష్టవంతులు. మరి పరీక్షలో? బొమ్మకు మార్కులుంటాయి. ఆ బొమ్మ ఎక్కడ పనిచేయదో రాస్తే ఉండవు. మా అబ్బాయి ఒకసారి బోర్ నమూనా గీసి, కింద "ఇది హీలియంకు కుదరదు" అని రాశాడు. ఆ వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన "అనవసరం" అని రాశారు. ఆ పేపరు ఇంకా దాచుకున్నాను.

గొలుసు లెక్క

నేను సర్వే శాఖలో చేసి రిటైరయ్యాను. పరమాణువుల సంగతి తెలియదు కానీ బొమ్మకూ నేలకూ మధ్య జరిగే గొడవలు ముప్పై ఏళ్లు చూశాను.

ఎఫ్‌ఎంబీ పటంలో, అంటే సర్వేవాళ్లు పొలాల కొలతలు గీసిన పుస్తకంలో, పొలం హద్దు ఒక గీత. నేల మీద అది గట్టు, రెండడుగుల వెడల్పు, మీద కందిచెట్లు. పటం 1:2000 స్కేలులో ఉంటే అర మిల్లీమీటరు మందం గీత నేల మీద ఒక మీటరవుతుంది. ఇద్దరు అన్నదమ్ములు ఆ ఒక్క మీటరు కోసం పదేళ్లు మాటల్లేకుండా ఉండటం నాకు తెలుసు. పటం తప్పు కాదు. శిస్తు లెక్కకు, విస్తీర్ణం లెక్కకు అది చాలు. గట్టు మీది కందికాయలు ఎవరివి అని అడిగితే మాత్రం జవాబు చెప్పలేదు.

ప్రపంచ పటం కూడా అంతే. మెర్కేటర్ 1569లో గీసింది ఓడలవాళ్ల కోసం. దిక్సూచి చూపిన దిక్కు పటం మీద సరళరేఖగా రావాలి, అది ఆయన లక్ష్యం. అందుకోసం ధ్రువాల వైపు నేలను సాగదీశాడు. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. బంతిని చదును చేస్తే ఏదో ఒకటి చెడక తప్పదని గాస్ 1827లో నిరూపించాడు. ఏది చెడాలో ఎంచుకోవడమే పటం గీసేవాడి పని. ఓడ నడిపేవాడి పటాన్ని బడి గోడకు తగిలించడం దగ్గర వచ్చింది చిక్కు.

మడత గొలుసు

ప్రోటీన్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మాస్టారి వైపే నా ఓటు, మా రంగంలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది కాబట్టి.

1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ కలిసి ఒక పటం వేశారు. ప్రోటీన్ అంటే పూసల దండలాంటిది, ప్రతి పూస దగ్గరా ఫై, సై అని రెండు కోణాల్లో తిరగగలదు. ఏ కోణాలు కుదురుతాయి, ఏవి కుదరవు? వాళ్లు పరమాణువుల్ని గట్టి గోళీలుగా తీసుకున్నారు. ఇంతకన్నా దగ్గరికి రాకూడదని ఒక దూరం పెట్టారు, అంతే. పరమాణువు గోళీ కాదని వాళ్లకు తెలియదా? బాగా తెలుసు. అయినా ఆ మోటు బొమ్మతో లెక్క వేస్తే పటంలో ఎక్కువ భాగం నిషిద్ధమని తేలింది. తర్వాత స్ఫటికాల నుంచి తీసిన నిజమైన ప్రోటీన్లు చాలా మటుకు అనుమతి ఉన్న చోట్లలోనే పడ్డాయి. పూసల్లో గ్లైసిన్ అనే దానికి పక్క గొలుసు లేదు కాబట్టి అది కొంచెం స్వేచ్ఛగా తిరుగుతుంది.

పోయిన ఏడు నేను కట్టిన నిర్మాణంలో ఒక చుక్క నిషిద్ధ ప్రాంతంలో పడింది. గ్లైసిన్ కూడా కాదు. రెండు వారాలు నిద్ర లేదు, గైడ్‌కు ఏం చెప్పాలో అని టెన్షన్. చివరికి చూస్తే ఒక మలుపు నేనే తిరగేసి కట్టాను. అరవై ఏళ్ల నాటి గోళీల బొమ్మ నా తప్పు పట్టింది. దాన్ని అబద్ధం అనడానికి నాకు నోరు రాదు.

స్కాన్ గది

నేను సూటిగా గారి వైపు. ఎంఆర్‌ఐ దగ్గర పని చేస్తాను. "ప్రేమలో ఉంటే మెదడులో ఈ చోటు వెలుగుతుంది" అని పత్రికల్లో రంగు మచ్చల బొమ్మలు వేస్తారు కదా, అక్కడ ఏదీ వెలగదు. ఫంక్షనల్ ఎంఆర్‌ఐ కొలిచేది రక్తంలో ఆక్సిజన్ తేడా. అది కూడా నరకణాలు పని చేసిన కొన్ని సెకన్ల తర్వాత. ఆ మచ్చ, గణాంకాల లెక్కలో పెట్టుకున్న హద్దు దాటిన చోట వేసిన రంగు.

2009లో అమెరికాలో బెనెట్, ఆయన సహచరులు ఒక చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించారు. వేల చుక్కల్ని ఒకేసారి పోల్చేటప్పుడు చేయాల్సిన సవరణ చేయకుండా లెక్క వేస్తే, ఆ చేప మెదడులో కూడా మచ్చ వచ్చింది. సవరణ చేస్తే పోయింది. మా దగ్గరికి వచ్చేవాళ్లు రిపోర్టు చదవరు, బొమ్మే చూస్తారు. మచ్చ ఉంటే భయపడతారు, లేకపోతే సంతోషపడతారు. బొమ్మకున్న ఆ బలం చూస్తే నాకు భయం.

సికిందరాబాద్ సైకిల్

మన ఊరి సంగతి ఒకటి. 1897లో రొనాల్డ్ రాస్ సికిందరాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు, అది అందరికీ తెలుసు. తర్వాత ఆయన లెక్కల వైపు వెళ్లాడు. దోమలన్నీ ఒకేలాంటివి, మనుషులంతా సమానంగా కలిసిపోయి ఉన్నారు అనుకుని సమీకరణాలు రాశాడు. ఏ ఊరూ అలా ఉండదు. అయినా దాంట్లోంచి ఒక పెద్ద విషయం తేలింది: ప్రతి దోమనూ చంపనక్కర్లేదు, సంఖ్య ఒక హద్దు కన్నా కిందికి దిగితే జబ్బు దానంతటదే తగ్గిపోతుంది. అప్పట్లో చాలామంది నమ్మలేదు.

సూటిగా

అందరి మాటా చదివాను. రామచంద్రన్ సంగతి చెప్పిన అమ్మాయి మాట మనసుకు తగిలింది. కానీ ఒకటి చూడండి. గోళీలు తీసుకున్నప్పుడు తను ఏం వదిలేస్తున్నాడో రామచంద్రన్‌కు తెలుసు. మెర్కేటర్‌కు తెలుసు, రాస్‌కు తెలుసు. తొమ్మిదో తరగతి పిల్లకు తెలియదు. ఎవరూ చెప్పరు. నా గొడవంతా దాని గురించే. బొమ్మ పక్కన, అది ఏం వదిలేసిందో ఒక్క వాక్యం అచ్చు వేసి, ఆ వాక్యానికి ఒక మార్కు పెట్టమనండి, ఆ రోజు నేను కూడా వలయాలు గీయిస్తాను.

పాతికేళ్ల చాక్‌పీస్

దీనికి నేను చేతులెత్తి ఒప్పుకుంటున్నాను. మార్కు సంగతి నా చేతిలో లేదు. మా బడి పేపర్లలో మాత్రం ఆ వాక్యం రాసినవాళ్లకు ఇస్తాను.

వెన్నెల నాన్న

ఆదివారం సాయంత్రం మాస్టారు చెప్పిన పని చేశాం. మా గేటు స్తంభం మీద మిరియం పెట్టి, మా అన్నయ్య కొడుకు, వెన్నెల, నేను వీధి చివర రేషన్ షాపు దాకా నడిచాం. అక్కడ నిలబడి వెన్నెల వెనక్కి చూసి, "మిరియం కాదు, గేటు కూడా సరిగ్గా కనబడట్లేదు. మరి మధ్యలో ఏముంది నాన్నా?" అంది. మావాడు "గాలి" అనబోయి, గాలి కూడా పరమాణువులే కదా అని ఆగిపోయాడు. ఇంటికొచ్చాక అమ్మాయి తన బొమ్మ కింద రాసుకుంది: "కొలత ప్రకారం గీయలేదు. వలయాలు మెట్లు, దారులు కావు."

సూటిగా

చాలా సంతోషమండి. ఒక్కటే సవరణ. ఎలక్ట్రాన్ రేషన్ షాపు దగ్గర నిలబడి ఉండదు. ఒకసారి దగ్గర, ఒకసారి దూరం. అక్కడ దొరికే అవకాశం ఎక్కువ, అంతే. వెన్నెలకు ముగ్గుపిండి ఇచ్చి వీధంతా చల్లమనండి, చుక్కలుగా.

వెన్నెల నాన్న

అడిగాను. వెంటనే ఎదురు ప్రశ్న వేసింది: పిండి ఒత్తుగా ఎక్కడ చల్లాలి, మిరియం దగ్గరా, రేషన్ షాపు దగ్గరా?

సూటిగా

మీ అమ్మాయి అడిగిన ప్రశ్న నా డిగ్రీ పిల్లలు కూడా అడగరు. ఒక్కో గజం నేల చొప్పున చూస్తే మిరియం దగ్గరే ఒత్తు. కానీ రేషన్ షాపు దూరంలో అన్ని వైపులా ఉన్న చోటు చాలా ఎక్కువ కాబట్టి, మొత్తం కలిపితే ఆ దూరంలోనే ఎక్కువ పిండి పడుతుంది. పైగా ఆ దూరం వీధిలో ఒక వలయం కాదు, పైకీ కిందికీ కూడా ఉండే గోళం. వీధిలో చల్లే ముగ్గు ఆ సంగతి చూపించలేదు. చల్లే ముందే అమ్మాయికి అది చెప్పండి.