అద్దంలో చూసి నా బొమ్మ వేసుకుంటుంటే చూపు కోపంగా వస్తోంది

ఎదురుగా కూర్చునేవాళ్ళు దొరక్క ఆయిల్ రంగుల్లో నా ముఖమే వేసుకుంటున్నాను. మోడల్స్‌కి డబ్బుల్లేక వాన్ గో కూడా పారిస్‌లో, 1886-88 మధ్య, 20కి పైగా ఇలాగే వేసుకున్నాడు.

మూడు వారాల్లో 4 కాన్వాసులు అయ్యాయి. అద్దం రెండడుగుల దూరంలో, కళ్ళ ఎత్తులో ఉంది. లైటు ఎడమవైపు ఒక్కటే. మొదటి అరగంట పోలిక బాగానే కుదురుతుంది. ఆ తర్వాత తేరిపార చూసీ చూసీ కనుబొమలు ముడిపడతాయి, పెదవుల చివర్లు కిందికి జారతాయి. చివరికి బొమ్మలో ఎవరి మీదో మండిపడుతున్న మనిషి. అది నేను కాదు.

అద్దం దించితే రెప్పలు వాలిపోయాయి. ఫోటో చూసి వేస్తే పోలిక వచ్చింది కానీ ప్రాణం లేదు. మధ్యలో లేచి వస్తే తల వంపు మారిపోతోంది.

అద్దంలో చూసే వేసేవాళ్ళు, మామూలు చూపు నిలవాలంటే కళ్ళు మొదటి అరగంటలోనే పూర్తి చేసేస్తారా, చివరికి ఉంచుతారా?